‘షిఫ్టు’ శబ్దము – పుట్టుక, అర్థవిచారము

కొన్ని యేండ్ల క్రిందట భాషాశాస్త్ర పాఠము చెప్పుచు, అన్యదేశ్యములకు ఉదాహరణముగా మేము ‘షిఫ్టు’ అను మాటను తీసికొంటిమి. ఆంగ్లమున దీనికి ‘మార్పు’ అని అర్థమనియు, పనివారు మారుచుందురు గావున పనికాలమునకును ఆ పేరే వచ్చినదనియు చెప్పి ముందునకు సాగబోతిమి. వెనుక వరుసలోని విద్యార్థి యొకడు లేచి, “షిఫ్టు మారుతది సార్, గని షిఫ్టంటె మార్పు గాదు” అనెను. అతడు గోలేటివాడు. తండ్రి బొగ్గుబాయిలో పనిచేసి విరమించినవాడు. తరగతి నవ్వినది, మేమును నవ్వితిమి. ఇంటికి పోయి ఆలోచించిన పిదపగాని ఆ మాటలోని బలము మాకు తెలియలేదు.

షిఫ్టనగా మార్పే యైనచో ‘షిఫ్టు మారినది’ అను వాక్యమునకు ‘మార్పు మారినది’ అని అర్థము రావలెను. గోలేటిలో చిన్నపిల్లలు మొదలు వృద్ధుల వరకు అందరును పలుకు వాక్యమది. అందు పునరుక్తి ఎవ్వరికిని తోచదు. కావున ఆ వాక్యములోని షిఫ్టుకు మార్పు కాని వేరొక అర్థముండి తీరవలెను. అది యెయ్యది? ఆంగ్లమున ఎట్లు పుట్టినది? మన బొగ్గుబాయిలలో ఏ రూపమున నిలిచినది? ఈ మూడు ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసము ఉద్దేశము. నాడు తరగతిలో మేము చెప్పిన అర్థము అసమగ్రమని ముందుగనే అంగీకరించుచున్నాము.

1. గోలేటి వాడుక

గోలేటి కొమురంభీం ఆసిఫాబాదు జిల్లా రెబ్బెన మండలమున నున్నది. 2016 వరకు ఇది ఆదిలాబాదు జిల్లాలోనిది. సింగరేణి కాలరీస్ కంపెనీ బెల్లంపల్లి ఏరియా జనరల్ మేనేజరు కార్యాలయము ఇచ్చటనే కలదు. తెలుగుతోపాటు ఉర్దూ, మరాఠీ, గోండీ భాషలు వినబడు ప్రాంతమిది.

1871లో భూవిజ్ఞానశాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతమున బొగ్గును గుర్తించెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కులు పొందెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. త్రవ్వకపు విద్య, యంత్రములు, లెక్కల పుస్తకములు, అధికారుల ఆజ్ఞలు ఆంగ్లముతో వచ్చినవి. వాని వెంట ఇంక్లైను, టబ్బు, పిల్లరు, మస్టరు, షిఫ్టు మొదలగు పదములు కార్మికుని నోటికెక్కినవి. ఐనను గనికి మాత్రము అతడు తన మాటనే నిలుపుకొనెను. భూమిని లోతుగా త్రవ్వినది బావి గనుక, అది ‘బాయి’. ‘బాయి దిగుట’, ‘బాయిపని’ అనుటయే గాని ‘గని’ యను గ్రాంథికపదము అతని నిత్యవ్యవహారమున అరుదు. తనకు మాట ఉన్నచోట తన మాటను, లేనిచోట పరుల మాటను అతడు గ్రహించెనని దీనివలన ఊహింపవచ్చును. ఈ వివేచనను మనస్సునందుంచుకొని షిఫ్టును పరిశీలింపవలెను.

గోలేటి వ్యవహారమున ఈ శబ్దమునకు నాలుగు అర్థములు స్పష్టముగ కనబడుచున్నవి.

మొదటిది కాలభాగము. దినమునందలి ఇరువదినాలుగు గంటలలో ఎనిమిది గంటల పాలు ఒక షిఫ్టు. సాధారణముగ ఉదయము 7 గంటలకు మొదటిది, మధ్యాహ్నము 3 గంటలకు రెండవది, రాత్రి 11 గంటలకు మూడవది ఆరంభమగును. మూడవదానిని ‘నైటు షిఫ్టు’ అందురు. కార్యాలయముల వారిది ‘జనరల్ షిఫ్టు’.

రెండవది ఆ కాలమున పనిచేయు జనసమూహము. ‘ఫస్టు షిఫ్టు బయటికొచ్చింది’ అన్నపుడు బయటికి వచ్చినది కాలము కాదు, మనుష్యులు. వారినే ‘ఫస్టు షిఫ్టోళ్లు’ అనియు అందురు.

మూడవది పనికి కొలత. ‘రెండు షిఫ్టులు చేసిండు’ అనగా ఒకని పాలికి వచ్చు పనికి రెట్టింపు చేసినాడని అర్థము. ఇచ్చట షిఫ్టు కుంచము వలె, గజము వలె ఒక మానము.

నాలుగవది తరలింపు. ‘క్వార్టరు షిఫ్టయినం’, ‘సామాను షిఫ్టు చేసిండ్రు’, ‘మిషను షిఫ్టింగు’ మొదలగు ప్రయోగములు ఈ కోవలోనివి.

ఈ నాల్గింటిని పోల్చిచూడగా ఒక విశేషము గోచరించును. మొదటి మూడు అర్థములందును షిఫ్టు నామవాచకము, లెక్కింపదగినది, బహువచనము గలది. నాలుగవ అర్థమున అది ‘చేయు’, ‘అగు’ ధాతువులతో కలిసి క్రియగానే నిలుచును. ‘రెండు షిఫ్టులు’ అన్నపుడు రెండు తరలింపులని గోలేటివాడెవ్వడును గ్రహింపడు. ‘షిఫ్టయిండు’ అన్నపుడు ఎనిమిది గంటల పని ముగిసినదని గ్రహింపడు. ఆ భావమునకు ‘డ్యూటీ దిగిండు’ అను ప్రయోగము వేరుగ నున్నది. అనగా మాట ఒకటే యైనను వ్యాకరణము రెండు మార్గములుగ చీలినది. ఒకే పదము రెండుమారులు రెండు ద్వారములనుండి భాషలో ప్రవేశించినట్లు తోచుచున్నది: ఒకటి బాయిద్వారము, రెండవది బడి, కార్యాలయము, నగరము మొదలగువాని ద్వారము.

ధ్వనివిషయమున చెప్పవలసినది కొంచెమే. ఆంగ్లపదము హలంతము. తెలుగున అజంతమగుటకు ఉకారము చేరి షిఫ్టు అయినది. ఫకారోచ్చారణము అలవడని వృద్ధుల నోట ‘షిప్టు’ అని వినబడును. తెలుగు విభక్తులన్నియు దీనికి నిరాటంకముగ చేరును. షిఫ్టుకు, షిఫ్టుల, షిఫ్టుతోని అను రూపములలో పరాయితనము ఏమాత్రమును కానరాదు.

2. ఆంగ్లమున జన్మవృత్తాంతము

నేటి ఆంగ్లము చదువుకొన్నవానికి షిఫ్టనగా కదలుట, మారుట అను అర్థములే మొదట స్ఫురించును. కాని ఈ శబ్దము పుట్టుకతో తెచ్చుకొన్న అర్థములు అవి కావు. ప్రాచీనాంగ్లమున దీని ధాతురూపము ‘షిఫ్తన్’. దానికి అమర్చుట, క్రమముగ ఉంచుట అనియు, విభజించుట, పంచుట, పాళ్ళు వేసి ఇచ్చుట అనియు అర్థములు. మార్చుట యను అర్థము 13వ శతాబ్దిలో కనబడుచున్నది. ఒకచోటినుండి మరియొకచోటికి కదల్చుట యను అర్థము సుమారు 1300 నాటిది. కాలక్రమమున ఈ తరువాతి అర్థములు ప్రబలి, పంచుట యను తొలి అర్థము ఆంగ్లమున కొన్ని ప్రాంతముల వాడుకకు మాత్రమే మిగిలి, మరుగుపడిపోయినది.

సోదరభాషలు ఆ తొలి అర్థమును చక్కగా కాపాడినవి. ప్రాచీన నార్సు భాషలో దీనికి సాటియగు ‘స్కిప్త’ శబ్దమునకు విభజించుట, పంచుకొనుట, మార్చుట అని అర్థములు. డెన్మార్కున మృతుని ఆస్తిని వారసులకు పంచు న్యాయస్థానమునకు ‘స్కిఫ్టెరెట్’ అని పేరు. మన ధర్మశాస్త్రపరిభాషలో చెప్పవలెనన్న అది దాయభాగమును నిర్ణయించు సభ. స్వీడనున 1827లో గ్రామభూముల పునర్విభజనకై చేసిన శాసనమును ‘లాగ స్కిఫ్తె’ అందురు. అచ్చటనే ‘స్కిఫ్ట్’ అనగా కర్మాగారమునందలి పనివంతు. పొలమును పంచు మాటయు, దినమును పంచు మాటయు అచ్చట ఒక్కటే.

మొదటి అక్షరమున ఆంగ్లమునకు షకారమును, నార్సునకు స్కకారమును ఉండుట విద్యార్థులకు వింతగ తోచవచ్చును. ప్రాచీనాంగ్లమున స్కకారము షకారమైనది. నార్సున అట్లు కాలేదు. మన వాడుకలోనున్న ‘షర్టు’, ‘స్కర్టు’ అను జంటయే దీనికి సాక్ష్యము. రెండును ఒకే మూలమునుండి పుట్టినవి. మొదటిది ఆంగ్లపు సొంత రూపము, రెండవది నార్సునుండి ఆంగ్లము గ్రహించిన రూపము. ఒక్క మూలశబ్దమే రెండు వస్త్రములై మన అంగడిలో అమ్ముడుపోవుచున్నది.

ఇంకను వెనుకకు పోయినచో, ఈ ధాతువునకు ప్రాచీనాంగ్లమున వేరుచేయుట యను అర్థముగల మరియొక ధాతువు మూలముతో బంధుత్వము కలదని నిరుక్తకారులు చెప్పుదురు. ఆ రెండవ ధాతువు ఇండో–యూరోపియను భాషాకుటుంబమున సంస్కృత ‘ఛిద్’ ధాతువునకు చుట్టము. ఈ సంబంధమును అంగీకరించినచో షిఫ్టుకును మన ఛేదము, విచ్ఛేదము, పరిచ్ఛేదము అను శబ్దములకును దూరపు బంధుత్వము ఏర్పడును. గ్రంథమును పరిచ్ఛేదములుగ భాగించుటకును దినమును షిఫ్టులుగ భాగించుటకును మూలమున ఒకే భావము. ఐనను ఈ మెట్టు ఊహపై నిలిచినది గనుక మా వాదమునకు దీనిని ఆధారముగ గైకొనుట లేదు.

3. ఇతరార్థములు

మూలార్థము మరుగుపడిన పిదప ఆంగ్లమున ఈ శబ్దము పెక్కు శాఖలుగ వ్యాపించినది. వానిలో ముఖ్యములను మాత్రము స్పృశింతుము.

అమర్చుకొనుట యను అర్థమునుండి, ఉన్నదానితో ఎట్లో సర్దుకొనుట యను భావము వచ్చినది. ఆ విధమున గడుపుకొను ఏర్పాటు ‘మేక్‌షిఫ్టు’. సర్దుకొను నేర్పు లేనివాడు ‘షిఫ్ట్‌లెస్’. నేర్పు మితిమీరిన చోట అది కపటమగును గనుక, మోసకాడు ‘షిఫ్టీ’. ఉపాయమను మన మాటయు సందర్భమునుబట్టి మంచికిని చెడుకును చెల్లుచున్నది గదా.

మార్చుట యను అర్థమునుండి, 16వ శతాబ్ది చివర, మార్చి కట్టుకొను లోవస్త్రమునకు షిఫ్టని పేరు వచ్చినది. మొదట స్త్రీపురుషుల ఇరువురి వస్త్రములకును చెల్లిన ఈ మాట 17వ శతాబ్దిలో స్త్రీల లోవస్త్రమును మర్యాదగ చెప్పుటకు ఉపయోగపడెను. తరువాత అదియే అమర్యాద యనిపించుకొని, 19వ శతాబ్దిలో ఫ్రెంచిపదమునకు చోటిచ్చి తొలగెను. 1907లో డబ్లిను నగరమునందలి అబ్బే నాటకశాలలో జె. ఎం. సింజ్ రచించిన ‘ది ప్లేబాయ్ ఆఫ్ ది వెస్టర్న్ వరల్డ్’ ప్రదర్శింపబడినపుడు ప్రేక్షకులు చేసిన అల్లరికి గల నిమిత్తములలో ఈ పదము రంగస్థలముపై వినబడుట యొకటి. మర్యాదకై పుట్టిన మాటయే కాలాంతరమున మర్యాదకు భంగమగుట అర్థపరిణామమున తరచుగ కనబడునదే.

కదల్చుట యను అర్థమునుండి టైపుయంత్రపు ‘షిఫ్టు కీ’ వచ్చినది. 1878 నాటి రెండవ రెమింగ్టను యంత్రమున ఆ మీటను నొక్కినచో కాగితమును మోయు భాగము నిజముగనే స్థానము తప్పి, పెద్ద అక్షరము పడుచుండెను. నేటి కంప్యూటరున కదలునది ఏదియు లేకున్నను పేరు నిలిచినది. భాషాశాస్త్రజ్ఞులమగు మనమును ఈ మాటకు ఋణపడియున్నాము. 15వ శతాబ్ది మొదలు ఆంగ్లమున దీర్ఘాచ్చులకు కలిగిన స్థానభ్రంశమునకు యెస్పర్సను 1909లో ‘గ్రేట్ వవెల్ షిఫ్టు’ అని నామకరణము చేసెను.

ఈ శాఖలన్నియు మార్పు, కదలిక అను అర్థములనుండి వచ్చినవే. వీనిని చూచియే మేమును తరగతిలో పొరబడితిమి.

4. గనిలోనికి వచ్చిన తీరు

పనివంతు అను అర్థము ఆంగ్లమున మొదట గనులకు సంబంధించినదే. నిఘంటుకారులు దానిని 19వ శతాబ్ది ఆరంభము నాటిదిగ చూపుచున్నారు. అంతకుముందు, 18వ శతాబ్ది ఆరంభమున, అలసిన గుఱ్ఱములకు బదులుగ కట్టు మరియొక జతకు షిఫ్టని వాడుక కలదు. పంటల వరుసను మార్చి చేయు సేద్యమునందు ఒక్కొక్క పొలపు భాగమునకును ఆ పేరు కలదు. గుఱ్ఱముల జతనుండియే మనుష్యుల జట్టుకు ఆ పేరు వచ్చి యుండవచ్చునని ఒక అభిప్రాయము. ఉత్తరసముద్ర తీరపు జర్మానిక భాషల ప్రభావము దీనిపై పడియుండవచ్చునని అదే నిఘంటుకారులు సూచించుచున్నారు. ఉత్తర ఫ్రీసియను భాషలో ‘స్కెఫ్ట్’ అనగా విభాగము, పొర. దానితో సంబంధించిన ‘స్కాఫ్ట్’ అనగా వంతుల వారీగ వచ్చు పనివారిలో ఒక జట్టు.

ఇచ్చట పొర అను అర్థము గమనింపదగినది. జర్మనున దీనికి సాటియగు శబ్దము ‘షిఖ్ట్’. ఆఫ్టర్ అను ఆంగ్లపదమునకు డచ్చిలో ‘అఖ్టర్’ అని రూపమున్నట్లే, ఇందును దిగువ జర్మను మాండలికముల సంప్రదాయము ననుసరించి ఫకారస్థానమున ఖకారము వచ్చినది. ఈ ‘షిఖ్ట్’ శబ్దమునకు నేటికిని రెండర్థములు: భూమిలోని పొర, పనివంతు. బొగ్గు పొరకును, ఆ పొరను త్రవ్వువాని పనికాలమునకును అచ్చట ఒకే పేరు. భూమి పొరలుగ విభక్తమైనట్లే దినమును పొరలుగ విభక్తమైనది. గోలేటి కార్మికునకు ఈ జర్మను మాట తెలియదు. కాని రాతిపొర క్రింద బొగ్గుపొర, బొగ్గుపొర క్రింద మరల రాతిపొర యుండుటను కన్నులార చూచినవానికి, పగటిషిఫ్టు వెంట రాత్రిషిఫ్టు వచ్చుటలోని సామ్యమును వివరించి చెప్పనక్కరలేదు.

ఐరోపా గనులలో ఈ పద్ధతి ఎంత పాతదో తెలిసికొనుటకు జర్మనీవాడగు అగ్రికోలా లాటినున రచించిన ‘దె రె మెటాలికా’ అను గ్రంథము సాధనము. అది 1556లో వెలువడినది. అందు అతడు వర్ణించిన ప్రకారము అహోరాత్రము మూడు పనివంతులుగ విభజింపబడి, ఒక్కొక్కటి ఏడేసి గంటలు సాగుచుండెను. మిగిలిన మూడు గంటలు పనివారు గనిలోనికి పోవుటకును వెలికి వచ్చుటకును విడువబడినవి. అవసరము కలిగిననే తప్ప రాత్రివంతును విధింపరాదు. రాత్రి పనిచేయువారు నిద్రను ఆపుకొనుటకును శ్రమను మరచుటకును పాటలు పాడుకొనుచుండిరి. కొన్నిచోట్ల ఒకడు వరుసగ రెండు వంతులు చేయుట నిషిద్ధము. అలసి గనిలోనే నిద్రపోవుట తరచు సంభవించుచుండెనని అతడు కారణము చెప్పెను. దాదాపు అయిదు శతాబ్దుల క్రిందటి ఈ వర్ణనమును గోలేటిలో చదివి వినిపించినచో, గంటల లెక్క తప్ప తక్కినదంతయు తమదే యని శ్రోతలు చెప్పుదురు.

గుఱ్ఱముల జత మాటను విస్మరింపరాదు. దానినిబట్టి షిఫ్టులో మార్పు అను భావము లేనే లేదని మేము వాదించుట లేదు. ఒక జట్టు స్థానమున మరియొక జట్టు వచ్చుట మార్పే. కాని మార్పు జరుగు క్షణము వేరు, రెండు మార్పుల నడుమనున్న భాగము వేరు. షిఫ్టు అను పేరు ఆ భాగమునకు చెందినది. అలసిన గుఱ్ఱము తన వంతు లాగినది. తరువాతి గుఱ్ఱము తన వంతు లాగబోవుచున్నది. ఆ విధమున చూచినచో గుఱ్ఱపు జతయు మా సిద్ధాంతమునకు ప్రతికూలము కాదు.

5. వంతు

మేము పైని పలుమారులు ‘వంతు’ అను మాట వాడితిమి. అది యాదృచ్ఛికము కాదు. తెలుగున వంతు అనగా భాగము: ‘ఆస్తిలో నా వంతు’. వంతు అనగా క్రమముగ వచ్చు తడవ: ‘ఈ పూట కావలి నా వంతు’. భాగము, తడవ అను ఈ రెండర్థములను జర్మానిక భాషలు ఏ ధాతువున కలిపినవో, తెలుగు ‘వంతు’లో కలిపినది. ఒకరినుండి యొకరు నేర్చినది కాదు. పంచవలసిన వస్తువు స్థలమున నున్నచో పాలు అగును. కాలమున నున్నచో తడవ అగును. ఒక చెరువు నీరు పదిమంది పొలములకు పారవలసినపుడు నీటిని కుండలతో కొలిచి పంచరు, కాలముతో పంచుదురు. అందుచే నీటి వంతు భాగమును అగును, తడవయు అగును. వ్యవసాయమునుండి బాయిపనికి వచ్చిన మొదటి తరమువారికి ఈ భావము క్రొత్తది కాదు.

కాలభాగపు పేరు కావలివారికి సంక్రమించుటకును మనకు దృష్టాంతమున్నది. సంస్కృత ‘ప్రహరము’ దినమున ఎనిమిదవ భాగము. మన జాము అదియే. ప్రహరమునుండి హిందుస్తానీలో పుట్టిన ‘పహరా’ కావలి యను అర్థమున తెలుగునకు వచ్చినది. ప్రహరము కాలము, పహరా ఆ కాలమున మేలుకొని చేయు పని. ‘ఫస్టు షిఫ్టు బయటికొచ్చింది’ అను వాక్యమున కాలవాచకము జనవాచకమగుటయు ఈ జాతిదే. పొరుగుననున్న మరాఠీలో షిఫ్టునకు ‘పాళీ’ అందురు. దానికిని వరుస, తడవ అనియే అర్థము.

కావున గోలేటి విద్యార్థి చెప్పినదే యుక్తము. షిఫ్టనగా వంతు. ‘షిఫ్టు మారినది’ అనగా ‘వంతు మారినది’. వాక్యము సరిపోయినది, పునరుక్తి తొలగినది.

6. వంతులోని న్యాయము

ఇది మాటల తగవు మాత్రమే యని తోచవచ్చును. కాని మార్పు అనినను వంతు అనినను ఒకటే కాదు. మార్పునందు న్యాయాన్యాయముల ప్రసక్తి లేదు. వంతు అన్న తక్షణమే ఎవరి వంతెంత, పంచినదెవరు అను ప్రశ్న పుట్టును. గనిపనివారి చరిత్రమంతయు ఆ ప్రశ్నయే.

ఇంగ్లండున గనిపనివారికి ఎనిమిది గంటల పరిమితి 1908 నాటి శాసనముచే ఏర్పడెను. బ్రిటిషు ఇండియాలో 1923 గనుల చట్టము భూగర్భమున పనిచేయువారికి వారమునకు 54 గంటల పరిమితి విధించెనే గాని దినమునకు ఇంతయని చెప్పలేదు. 1928లో దినమునకు 12 గంటలనియు, 1935లో భూగర్భమున 9 గంటలనియు సవరణలు వచ్చినవి. సింగరేణి అప్పటికి నైజాము రాజ్యమున నుండెను. స్వాతంత్ర్యానంతరము 1952లో వచ్చిన గనుల చట్టము భూగర్భమున దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు మించరాదనియు, పని షిఫ్టుల పద్ధతిననే జరుగవలెననియు నిర్దేశించెను.

ఆ చట్టములోని ఒక నిబంధనము భాషావేత్తలు గమనింపదగినది. అర్ధరాత్రము దాటి సాగు షిఫ్టులో పనిచేయువానికి ‘మరునాడు’ అనగా, ఆ షిఫ్టు ముగిసినది మొదలు ఇరువదినాలుగు గంటల కాలమని అది నిర్వచించినది. అర్ధరాత్రము తరువాత చేసిన పని గంటలు ముందటి దినపు లెక్కలోనికే పోవును. సూర్యునితో గాని గడియారముతో గాని సంబంధము లేక, ఒక మనుష్యుని దినము అతని షిఫ్టు ముగిసిన క్షణమున మొదలగును. ‘దినము’ అను ప్రాచీనశబ్దపు అర్థమును ‘షిఫ్టు’ అను నవీనశబ్దము నిర్ణయించుట ఇందు కనబడుచున్నది.

ఈ నిర్వచనమును గోలేటి గృహములు చట్టము చదువకయే ఎరుగును. తండ్రి నైటు షిఫ్టు చేసి వచ్చి పండుకొన్న యింట పగలు రాత్రి యగును. పిల్లలు మాటలు తగ్గించి ఆటలు దూరముగ ఆడుకొందురు. తల్లి ఏ జాముననైనను పొయ్యి వెలిగించును. మా విద్యార్థి మమ్ములను తన తండ్రియొద్దకు తోడుకొనిపోయినపుడు షిఫ్టనగా నేమని ఆయనను అడిగితిమి. ఇరువదినాలుగు గంటలను మూడు పాళ్ళు చేసినారనియు, ఒక పాలు కంపెనీదనియు, రెండు పాళ్ళు తమవనియు ఆయన సమాధానమిచ్చెను. కొంత తడవూరకుండి, ఆ రెండు పాళ్ళలో నిద్రకు పోగా మిగిలినది పిల్లలదనియు, అది ఎప్పుడును చాలలేదనియు చెప్పెను. నిరుక్తకారులు ప్రాచీనగ్రంథములు వెదకి కనుగొన్న మూలార్థము ఆయన నోట అప్రయత్నముగ వెలువడినది. మాకు ఆశ్చర్యమును, కొంత సిగ్గును కలిగినవి.

ఆయన రెండవ అర్థమునను ఈ పదమును వాడెను. భూగర్భగనులు ప్రధానములైన కాలము గడచి సింగరేణి ప్రాంతమున ఉపరితల గనులు ప్రాముఖ్యము వహించినవి. వానిని అందరును ఓపెన్‌కాస్టులందురు. బాయి భూమి క్రింద త్రవ్వును. ఓపెన్‌కాస్టు భూమినే తొలగించును. తొలగింపవలసిన భూమిపై ఊరున్నచో ఊరును కదలవలెను. తమ బంధువుల ఊరు ‘షిఫ్టయింది’ అని ఆయన చెప్పెను. ఆ మాట పలుకునపుడు ఆయన కంఠస్వరము వేరు. ఒక షిఫ్టు తిరిగి తిరిగి వచ్చునది: ఈ వారము పగలు, వచ్చు వారము రాత్రి. మరియొక షిఫ్టు ఒక్కమారే జరుగునది. తిరిగి వచ్చుట లేదు. ఒకే శబ్దము ఒకనికి అన్నము పెట్టిన వంతును, మరియొకని ఇంటి తరలింపును చెప్పుచున్నది. వీనిని ఒకే యర్థముగ కలిపి ‘మార్పు’ అని వ్రాయు నిఘంటువు ఈ రెండు జీవితములలో దేనిని చెప్పినట్లును కాదు.

7. ఉపసంహారము

ఇంతవరకు చేసిన విచారము వలన తేలిన అంశములను సంగ్రహించుచున్నాము. షిఫ్టు శబ్దపు మూలార్థము విభాగము, పంపకము. మార్పు, కదలిక తరువాత వచ్చినవి. గనిపనివారి షిఫ్టునందు ఆ మూలార్థమే ప్రధానముగ నిలిచియున్నది. తెలుగున ‘వంతు’ దానికి సరియగు పర్యాయము. ఇక తరలింపు అను అర్థమున వాడు షిఫ్టు వ్యాకరణమునందును ప్రవేశమార్గమునందును భిన్నమైనది. తెలుగు నిఘంటువులలో ఈ రెండింటిని రెండు ఆరోపములుగ చూపుట ఉచితము.

షిఫ్టును తొలగించి వంతును వాడుడని మేము చెప్పుట లేదు. కార్మికుడు తన నాలుకపై అరగదీసి నునుపుచేసికొన్న మాటను పండితులు మార్పబూనుట వ్యర్థము. అర్థము చెప్పవలసి వచ్చినచోట సరియైన అర్థము చెప్పుడనుట మాత్రమే మా మనవి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో వ్యవసాయమునకును, 1971లో చేనేతకును మాండలిక వృత్తిపదకోశములను వెలువరించినది. రైతు మాటలకును సాలె మాటలకును లభించిన ఆదరము బొగ్గుబాయి మాటలకును దక్కవలెను. భూగర్భమున పనిచేసిన తరము విరమించి వృద్ధమగుచున్నది. బాయిలు మూతపడినచోట వాని మాటలును మూతపడును. పరిశోధక విద్యార్థులు గోలేటి మొదలుకొని గోదావరిఖని వరకు తిరిగి వానిని సేకరించుటకు ఇదియే తగిన సమయము.

ఆ పనికి పోవువారికి మా అనుభవమునుండి ఒక్క సూచన చేయుచున్నాము. పదమునకు అర్థము చెప్పుటకు ముందు, దానిని వాడువారు దానితో ఏ వాక్యములు నిర్మింతురో వినవలెను. మేము ముందు చెప్పి, తరువాత వింటిమి. మా విద్యార్థి ఆ వరుసను సరిదిద్దెను.